కింద సగం ఖాళీ

మార్కాపురం
2-6-1958

దయకు,

పేపర్లో నీ నంబరు చూసినాను. ఫస్టు క్లాసు. మా హైస్కూలు హెడ్‌మాస్టరుగారు సైకిలు మీద ఇంటికే వచ్చినారు. "ఏమయ్యా సత్యానందం, పాయసం ఏది? ఎలీషబమ్మను పిలువు" అన్నారు. అని, తల దించుకున్నారు. మంచినీళ్లు తాగి పోయినారు.

గుంటూరు కాలేజీ నుంచి దరఖాస్తు తెప్పించినాను. నేను చదివిన కాలేజీ. ఆడపిల్లల హాస్టలు వార్డెనమ్మ మీ అమ్మతో టీచరు ట్రైనింగు చదివినామె. నీకు గది ఉంచినానని అప్పుడే జాబు రాసింది. పదిహేనో తేదీ బండికి నువ్వు ఇక్కడికి రావాలి.

అమ్మ కోళ్లు బాగున్నాయి. ఎర్రది పొదిగింది. వంట నేనే. పక్కింటి దుకాణం తులసమ్మగారు నిన్న గోడ మీదుగా, "అయ్యా, పప్పు వండుతున్నారా, ఇటుకలు కాలుస్తున్నారా? మీ పొగకు మా బెల్లం నల్లబడతాంది" అన్నది. అన్నాక ఒక గిన్నె పులుసు పంపింది. ఇప్పుడు రోజూ పంపుతాంది. తింటున్నాను.

పలకల ఫ్యాక్టరీ ఏలీయాతో అమ్మ సమాధి రాయి సంగతి మాట్లాడినాను. ఫిబ్రవరిలో ఆపరేషనుకని సికింద్రాబాదు తీసుకుపోయిన మనిషిని అక్కడే మట్టిలో పెట్టి వచ్చినాం. ఒక చెక్క సిలువ తప్ప గుర్తు లేదు. అది మంచి పని కాదు. పేరు చెక్కించి పంపుతాను.

పెద్దమ్మకు, పెదనాన్నకు నా వందనాలు చెప్పు.

నాయన


లాలాగూడ, సికింద్రాబాదు
7-6-1958

ప్రియమైన నాయనకు దయ వందనాలు.

నీ ఉత్తరం వచ్చినాక పెద్దమ్మ ఇంట్లో నిలబడలేదు. చేతికి పిండి ఉండగానే వీధి చివరిదాకా పోయి చెప్పి వచ్చింది. పెదనాన్న రైల్వే వర్క్‌షాపులో మిఠాయి పంచినాడంట. "నా కొడుకులు ఇద్దరి మార్కులు కలిపినా ఫస్టు క్లాసు రాలేదు, ఈ పిల్ల ఒక్కతే తెచ్చింది" అని అన్నయ్యల ముందరే అన్నాడు. వాళ్లు నాతో మాట్లాడడం మానేసినారు.

నాయనా, ఒక మాట అడుగుతాను. గుంటూరు కాకుండా ఇక్కడ చదువుకోనా?

ఇక్కడ ఒక ఆడపిల్లల కాలేజీ ఉంది. పెద్దమ్మతో కలిసి చర్చిలో పాడే ఒకామె అందులో లెక్చరరు. రమ్మంటే పోయి చూసినాం. ఎవరో నవాబుగారి పాత బంగళా. గేటు మీద బోర్డు ఉంది గాని కాగితపు పూల చెట్టు కమ్ముకుంది. రిక్షా అతను ముందు నుంచే పోయి, వెనక్కి తిరిగి, మళ్లీ దాటిపోయినాడు. మన హైస్కూలు ఇంతకన్న పెద్దది. ఒక్కొక్క క్లాసులో మన ఆదివారపు బడి పిల్లలంతమంది కూడా ఉండరు. గుర్రాలు కట్టే శాలను సైన్సు ల్యాబు చేసుకున్నారు. గోడలకు ఇనుప కడియాలు అట్లనే ఉన్నాయి. వాటికి చేతులు తుడుచుకునే గుడ్డలు తగిలిస్తారు.

ప్రిన్సిపాలు ముసలామె. తెల్ల చీర, మగవాళ్ల చేతి గడియారం. ఏం చదువుతావని నన్నే అడిగింది, పెద్దమ్మను అడగలేదు. జంతుశాస్త్రం అన్నాను. "కప్పను కోయగలవా?" అన్నది. "కోళ్లను కోసినాను మేడమ్" అన్నాను. "అది వంట. కోసినాక ఏముందో చూడకుండా కూర చేసి ఉంటావు" అని నవ్వింది. నిజమే. ఎన్నడూ చూడలేదు.

సీటు ఉందంట. ఈ నెల ఇరవై అయిదు లోపల దరఖాస్తు ఇవ్వాలి. కాలేజీలోనే చిన్న హాస్టలు ఉంది. ఆదివారం పెద్దమ్మ ఇంటికి రావచ్చు. దారి కూడా తెలిసిందే. అమ్మ ఉన్న సమాధుల తోట దగ్గర బస్సు ఆగుతాది. అక్కడి నుంచి నడిచిపోవచ్చు.

నువ్వు ఊ అంటే చాలు. పప్పు ఉడికేటప్పుడు మూత ఓరగా పెట్టు. పొంగదు.

నీ కూతురు
దయ


మార్కాపురం
11-6-1958

దయామణికి,

ఉత్తరం రెండుసార్లు చదివినాను. నవాబు బంగళా, గుర్రాల శాల బాగున్నాయి. అసలు సంగతి చివర్లో రాసినావు. బస్సు ఎక్కడ ఆగుతాదో.

నువ్వు చూసుకున్నది సమాధినమ్మా. కాలేజీని కాదు.

అమ్మకు కాపలా అక్కర లేదు. పదహారేళ్ల పిల్ల చదువును తీసుకుపోయి ఒక మట్టిదిబ్బకు కట్టేయడం నాకు ఇష్టం లేదు. చిన్న కాలేజీలు ఈ ఏడు ఉంటాయి, పై ఏడు ఉంటాయో లేదో తెలియదు. గుంటూరులో లైబ్రరీ ఉంది. మంచి ప్రొఫెసర్లు ఉన్నారు. కంభం, గిద్దలూరు, కురిచేడు పిల్లలంతా ఆ హాస్టల్లోనే ఉంటారు. సగం మందికి అమ్మే అక్షరాలు దిద్దించింది. నీకు జ్వరం వస్తే చూసేవాళ్లుంటారు. అమ్మ మాట ఎత్తేవాళ్లుంటారు. ఇంట్లో ఆ మాట ఎత్తడం నాకు చేతకావడం లేదని నీకు తెలుసు.

పదిహేనో తేదీ బయలుదేరు. ద్రోణాచలంలో బండి మారేటప్పుడు పెట్టె జాగ్రత్త. మార్కాపురం రోడ్డు స్టేషనుకు జట్కా తెస్తాను.

ఎండ తగ్గలేదు. గుండ్లకమ్మలో నీళ్లు లేవు.

వి. సత్యానందం


లాలాగూడ
15-6-1958

నాయనకు,

ఈ రోజు బండికి రావడం లేదు. కోపం చేసుకోవద్దు. ఇది చదివినాక కూడా రమ్మంటే, మరుసటి బండికే వస్తాను.

కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టినావు. పెద్దమ్మ చూసి, "ఏందే, మీ నాయన నిన్ను హైస్కూలు హాజరు పట్టీలో వేసుకున్నాడా?" అన్నది. నాకు నవ్వు రాలేదు.

నువ్వనుకున్నది తప్పు నాయనా. సమాధుల తోటకు నేను ఒక్కసారే పోయినాను. మట్టి వేసిన రోజు, నీ పక్కన. పెద్దమ్మ ప్రతి ఆదివారం పోతాది. నేను తలనొప్పి అంటాను. కాలేజీ చూసి వచ్చేటప్పుడు కూడా ఆ స్టాపు దగ్గర బస్సెక్కకుండా, కూరగాయల మార్కెట్టు చుట్టూ తిప్పి తీసుకొచ్చినాను. పెద్దమ్మ చెప్పు తెగింది. దారి పొడుగునా తిట్టింది. బస్సు సంగతి రాసింది నీకోసం. అమ్మ దగ్గరగా ఉంటానంటే నువ్వు ఒప్పుకుంటావనుకున్నాను. ఆ మాటకే వద్దంటావని అనుకోలేదు.

గుంటూరు ఎందుకు వద్దో చెప్తాను. పరీక్షలప్పుడు మన ఊళ్లో ఎవరో ఒకరు రోజూ నా గడ్డం పట్టుకుని ఏడ్చినారు. లెక్కల పరీక్ష రోజు సంతోషమ్మవ్వ హాలు బయట నన్ను కావిలించుకుని, "టీచరమ్మ లేని పిల్లవైతివే" అని, గంట కొట్టినా విడవలేదు. నేనే ఆమె కళ్లు తుడిచి, "ఊరుకో అవ్వా" అని చెప్పి లోపలికి పోయినాను. గుంటూరులో గేటు దగ్గరే వార్డెనమ్మ పట్టుకుంటాది. గది గదికీ మన వైపు పిల్లలు. వాళ్లందరినీ ఎవరు ఊరుకోబెట్టాలి? నేనే. నా వల్ల కాదు. నేను ఇంకా ఏడవనే లేదు.

ఈ కాలేజీలో నన్ను చూసి ఎవరూ ఏడవలేదు. కప్పను కోయగలవా అని అడిగినారు. నాకు ఆ ప్రశ్న చాలు.

నువ్వు ఎట్ల చెప్తే అట్ల.

దయ


మార్కాపురం
20-6-1958

దయకు,

దరఖాస్తు మీద సంతకం పెట్టి ఇందులో పంపుతున్నాను. చేరు. గుంటూరు వార్డెనమ్మకు వద్దని రాసినాను.

నీ మాట అర్థమైంది. అమ్మ పేరు వినబడని చోటు కావాలి నీకు. నాకు చెప్పే హక్కు లేదు. ఇక మీద నా ఉత్తరాల్లో కూడా ఆ మాట రాదు.

రాయి తయారైంది. ఏలీయా పలకలతోపాటు లారీలో తెస్తాడు. పెదనాన్న నిలబడి పెట్టిస్తాడు. నువ్వు పోనక్కర లేదు.

నాయన


కాలేజీ హాస్టలు, హైదరాబాదు
17-8-1958

ప్రియమైన నాయనకు దయ వందనాలు.

నీ ఉత్తరాలన్నీ దగ్గర పెట్టుకుని మళ్లీ చదివినాను. ఒక దాంట్లో వాన పడింది. ఒక దాంట్లో వాన పడలేదు. మొన్నటి దాంట్లో ఎర్రకోడి పిల్లల్ని గద్ద తన్నుకపోయింది. అంతే. నువ్వు తిన్నావా లేదా కూడా రాయడం లేదు. తులసమ్మగారి పులుసు వస్తాందా?

ఇక్కడ చదువు బాగుంది. అంతా ఇంగ్లీషు. మొదట్లో సగం అర్థం కాలేదు. ప్రిన్సిపాలు మేడమ్ సాయంత్రాలు మా నలుగురైదుగురిని వరండాలో కూర్చోబెట్టి మళ్లీ చెప్తుంది. అంత చిన్న కాలేజీ గనకనే అది కుదురుతాది. ఎవరు అన్నం తక్కువ తిన్నారో కూడా ఆమెకు తెలుస్తాది. అదొక్కటే ఇబ్బంది.

నా గదిలో నాగమణి అని వరంగల్లు పిల్ల. వాళ్లకు బట్టల దుకాణం. మొదటి రోజే "మీ అమ్మ ఏం చేస్తది?" అని అడిగింది. "టీచరు" అన్నాను. ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. ఇప్పుడు హాస్టలంతా మా అమ్మ మార్కాపురంలో ఉందనుకుంటున్నారు. "మీ అమ్మ నిన్ను చూడ ఎప్పుడొస్తది?" అని నాగమణి వారం వారం అడుగుతాది. బడికి సెలవులు లేవంటాను. ఎవరూ ఏడవని చోటు కావాలనుకున్నాను గదా, దొరికింది. ఇక్కడ అమ్మకు జ్వరం కూడా రాలేదు.

రాయి సంగతి నీకు రాయాలా వద్దా అని పెద్దమ్మ, పెదనాన్న పోట్లాడుకున్నారు. రాస్తున్నాను. జూలైలోనే పెట్టించినారు. నేను చూడలేదు. పెద్దమ్మ చెప్పింది. నల్లగా, నున్నగా అచ్చం బడి పలకలాగా ఉందంట. అక్కడ ఊడ్చే మగ్దలీనమ్మ అనే ఆమె మనమరాలు, ఇంకా చుట్టుపక్కల పిల్లలు దాని మీద బలపంతో రాస్తున్నారంట. పెద్దమ్మ ప్రతి ఆదివారం తడిగుడ్డతో తుడిచి, తిట్టి వస్తాది. మళ్లీ ఆదివారానికి నిండిపోతాది. పక్క సమాధి వాళ్లు చూసి నవ్వినారంట. "చెల్లెలి పేరు మీద పిల్లలు కాకి బొమ్మలు గీస్తాంటే నేను చూడలేను" అంటాంది. కింద సగం రాయి ఎందుకు ఖాళీగా విడిచినాడు, ఒక వాక్యమైనా చెక్కించరాదా అని కూడా అడిగింది.

నీకు కష్టంగా ఉంటాదని తెలుసు. వేరే ఎవరో చెప్పే ముందు నేనే చెప్పాలనుకున్నాను.

దయ


మార్కాపురం
23-8-1958

దయకు,

ఎత్తించెయ్యండి.

రాయి అంటే నాకు ఈ ఊరి రాయే తెలుసు. గడప ముందు బండ అదే, పిల్లల చేతిలో పలక అదే. వేరే రాయి ఉంటుందని తోచలేదు. ఫ్యాక్టరీలో అంకన్నను బాగా నునుపు చేయమన్నాను. పుట్టినప్పటి నుంచి పలకలు అరగదీసిన మనిషి. ఇసుక, నీళ్లు పోసి నాలుగు రోజులు రుద్దినాడు. అతనికి వచ్చిన నునుపు ఒకటే, బలపం పట్టే నునుపు. నేను పక్కనే నిలబడి చూసినాను. నాకూ తట్టలేదు. వేలితో తడిమి బాగుందన్నాను.

పెదనాన్నను వేరే రాయి ఏదైనా చూడమను. తెల్లది. దీన్ని ఏలీయా వచ్చే లారీలో వెనక్కి తెస్తాడు. పెద్దమ్మను అక్కడ ఎవరితోనూ తగాదా పడవద్దని చెప్పు.

కింద ఖాళీ ఊరికే విడిచినాను.

పులుసు వస్తాంది.

నాయన


కాలేజీ హాస్టలు
31-8-1958

నాయనకు,

నిన్న పోయినాను. పెదనాన్నకు ఒక్కడికే పోవడం ఇష్టం లేదు. పెద్దమ్మ రానన్నది. నువ్వు ఎత్తించమన్న మాట ఎవరో ఒకరు దగ్గరుండి జరిపించాలి గదా. మేస్త్రీ గడ్డపార భుజాన వేసుకుని మా వెనక వచ్చినాడు.

గేటు నుంచే కనబడింది. అన్నీ తెల్లరాళ్లు, సిమెంటు సిలువలు. మధ్యలో అదొక్కటే నల్లది. వాన తడికి కొంచెం నీలంగా ఉంది. వాన పడినప్పుడు ఫ్యాక్టరీ దారిలో ముక్కలు అట్లనే మెరుస్తాయి. మన ఊరు కాస్త తెగి ఇక్కడ పడినట్లనిపించింది. ఆగిపోయినాను. పెదనాన్న చెయ్యి పట్టుకున్నాడు.

పైన అమ్మ పేరు. కింద ఉపాధ్యాయిని అని. దాని కింద ఖాళీలో మగ్దలీనమ్మ మనమరాలు బోర్లా పడుకుని రాస్తాంది.

పెదనాన్న "ఏయ్, లెయ్" అని అరిచినాడు. పిల్ల లేవలేదు. తలెత్తి, "ఇది బడి" అన్నది.

"ఎవరు చెప్పినారే?"

"మా అవ్వ. ఈడ టీచరమ్మ పండుకుందంట. లేచేలోపల రాసెయ్యాలంట."

నేను వంగి చూసినాను. ఠ రాస్తాంది. గుండ్రంగా చుట్టింది గాని చుక్క బయట పెట్టింది. ఎట్ల కూర్చున్నానో తెలియదు. పిల్ల చెయ్యి పట్టుకున్నాను. "బావి తవ్వినావు గదా. బొక్కెన లోపలికి వెయ్యి. బయట పడేస్తే నీళ్లెట్ల వస్తాయి? వేసినావా? ఇప్పుడు పైన గిలక పెట్టు" అన్నాను.

నాయనా, అది అమ్మ గొంతు. నా నోట్లోంచి వచ్చింది. అదే సాగదీయడం.

పిల్ల "మరి ర?" అన్నది.

"అదే బావి. బొక్కెన దొంగలెత్తుకపోయినారు."

పడీ పడీ నవ్వింది. "ఎవరా దొంగ?" అన్నది. అమ్మ ఏడాదికొక పిల్లోని పేరు చెప్పేది, క్లాసులో ఎవడు ఎక్కువ అల్లరి చేస్తే వాడు. నేను పెదనాన్నను చూపించినాను.

అప్పుడు వచ్చింది నాయనా, ఫిబ్రవరి నుంచి రానిది. రాయి మీద తల పెట్టి ఏడ్చినాను. బలపం రాతలన్నీ నా ముఖానికి అంటుకున్నాయి. మగ్దలీనమ్మ చీపురుతో వచ్చి కాసేపు నిలబడింది. అయ్యో అనలేదు. గడ్డం పట్టుకోలేదు. "ఎంతసేపైనా ఏడువమ్మా. కాస్త అటు జరిగి ఏడువు, ఆకులు ఊడవాలి" అన్నది. జరిగినాను. మేస్త్రీ బీడీ పారేసి, "ఎత్తాలా వద్దా?" అన్నాడు. నేను వద్దన్నాను. నిన్ను అడగకుండా అన్నాను.

హాస్టలుకు వచ్చి నాగమణికి నిజం చెప్పినాను. దానికి కోపం వచ్చింది. "ఇన్ని దినాలు చెప్పకపోతివి. మీ అమ్మ వస్తే పెడదామని మా ఇంటి సకినాలు దాచిన. అవి ఎవరికి పెట్టాలె?" అని అదే ఏడ్చింది. తర్వాత డబ్బా తెచ్చి మధ్యలో పెట్టింది. ఇద్దరం తిన్నాం. మెత్తబడినాయి.

ఒక మాట నాయనా. నన్ను పట్టుకుని ఎవరూ ఏడవకూడదనుకున్నాను. అమ్మ మాట ఎవరూ ఎత్తకూడదని నేను అనలేదు. నువ్వు అట్ల అనుకుని మానేసినావు. నీ ఉత్తరాల్లో వాన, కోళ్లు చదివి చదివి నాకు ఊపిరాడడం లేదు. కోళ్లు అమ్మవే గదా. ఆ సంగతైనా రాయకపోతివి.

రాయి ఉంచాలా తీయాలా నువ్వే చెప్పు.

నీ దయ


మార్కాపురం
6-9-1958

దయకు,

రాయి ఉండనీ.

ఈ వారం ఏలీయా వస్తున్నాడు. ఒక పెట్టె బలపాలు పంపుతున్నాను. మెత్తవి ఏరించినాను. గట్టివి ఆ పిల్లలకు ఇవ్వవద్దు, పేరు మీద గీతలు పడతాయి. అంకన్నకు జరిగింది చెప్పినాను. "నేను చేసింది పలకే గదా సారూ, మరేమనుకున్నారు?" అన్నాడు.

కింద సగం నాకోసం విడిచినాను. నన్ను కూడా అక్కడికే తేవాలని, నాకు వేరే రాయి వెతకనక్కర లేదని. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అందులో బడి పెట్టుకున్నారు. పెట్టుకోనీ. ఆ పిల్ల గుణింతాలు దాటి, వాక్యాలు రాసేదాకా నాకు తొందర లేదు.

నీ ఉత్తరం అందిన రోజే స్టేషనుకు పోయినాను. టికెట్టు తీసుకున్నాను. బండి వచ్చింది, పోయింది. బెంచీ మీది నుంచి లేవలేకపోయినాను. జట్కా అతను, "ఏంది సారూ, ఎవరినో ఎక్కించడానికి వచ్చినారా?" అన్నాడు. అవునన్నాను. మళ్లీ పోతాను. ఎప్పుడని అడగవద్దు.

నీ కాలేజీ విషయంలో నేను తప్పుగా అనుకున్నాను. నీకు సరిపోయింది. కప్పను కోసినావో లేదో రాయలేదు.

ఠ నాకు తెలుసు. అమ్మ నీకు చెప్తాంటే ముందు గదిలో పేపరు చదువుకుంటూ విన్నాను. ర సంగతి తెలియదు. బొక్కెన ఎవరో ఎత్తుకపోయినారని నీ ఉత్తరంలోనే తెలిసింది. చదివి గట్టిగా నవ్వినాను. అమ్మ కోళ్లు బెదిరి గోడెక్కినాయి. తులసమ్మగారు గోడ మీదుగా, "ఏమయింది అయ్యా?" అని అడిగింది. చెప్పబోయినాను. ఎలీషబా అన్న పేరు దాకా వచ్చి ఆగిపోయినాను. ఆమె గిన్నె పట్టుకుని అట్లనే నిలబడింది. కాసేపటికి మిగతాది చెప్పినాను.

తక్కిన అక్షరాలకు అమ్మ ఏం చెప్పేదో నాకు తెలియాలి. అన్నీ ఒకేసారి రాయవద్దు. ఉత్తరానికి ఒక్కటి చాలు.

నాయన